చిత్తూరు చివరన దిద్దిన సామెతలు

ఈ మధ్య నన్ను ఎక్కడికి పిలిచినా శాలువా కప్పి, 'ఈ ప్రాంతంలో కంప్యూటర్ నెట్‌వర్కులకు పునాది వేసిన మహానుభావుడు' అని పరిచయం చేస్తున్నారు. పునాది నేను వేయలేదు. ఎవరో పునాది తవ్వుతుంటే పక్కన నిలబడి మట్టి ఎటు పోయాలో సలహా ఇచ్చేవాళ్లుంటారు చూడండి, నేను ఆ జాతి. అయినా శాలువా వద్దనే అలవాటు నాకు లేదు. ఇంట్లో బీరువా నిండిపోతే మా ఆవిడ మిగతావి గ్రైండరు మీదా, ఇన్వర్టరు మీదా కప్పుతోంది. వాటికీ సన్మానం జరిగినట్టే ఉంటుంది.

మొన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సభ అయ్యాక ఒక అమ్మాయి లేచి, 'సార్, మీ ఉద్యోగ జీవితంలో పెద్ద ఓటమి ఏది?' అని అడిగింది. 'ఓటమి అనేది లేదమ్మా, అన్నీ పాఠాలే' అని ఏదో ముసలి కూత కూసి తప్పించుకున్నాను. పిల్లలు చప్పట్లు కూడా కొట్టారు. ఆ అమ్మాయి మాత్రం కొట్టలేదు. ఆమెకు రావలసిన జవాబు ఇది. మీరూ చదవండి. పేర్లు మాత్రం అడక్కండి, నా పేరుతో సహా.

మీరిప్పుడు అలిపిరిలో మెట్లెక్కుతూ దుబాయిలో ఉన్న మేనమామకు వీడియోలో కొండ చూపిస్తారు. బొమ్మ ఒక్క క్షణం ఆగితే ఫోన్‌ను తిడతారు. మా కాలంలో తిరుపతిలో మా ప్రయోగశాలలో ఒక కంప్యూటర్, చిత్తూరులో ఒక అద్దె గదిలో ఇంకో కంప్యూటర్, మధ్యలో ఒక టెలిఫోన్ తీగ. అంతే. దాన్ని మేము నెట్‌వర్క్ అనేవాళ్లం. రెండు కొసలు ఉన్నదాన్ని తాడు అంటారు గానీ వల అనరు కదా అని అడిగే ధైర్యం అప్పట్లో ఎవరికీ లేకపోయింది.

ఆ తీగలో అక్షరాలు పంపితే కొన్ని చేరేవి, కొన్ని చెడేవి. చంద్రగిరి దాటాక వాటికి ఏమయ్యేదో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి. వానొస్తే చెడేవి, ఎండ ముదిరితే చెడేవి, ఏమీ లేకపోయినా అలవాటు కొద్దీ చెడేవి. చెడిన అక్షరాన్ని మళ్లీ పంపమని అడగడం అందరికీ తెలిసిన పద్ధతి. అందరికీ తెలిసిన పని చేస్తే పరిశోధన ఎలా అవుతుంది? అందుకని నేనొక పద్ధతి కనిపెట్టాను. సందేశంతో పాటు కొన్ని గుర్తులు కూడా పంపుతాం. చిత్తూరు కంప్యూటర్ వాటిని చూసి, ఎవరినీ అడగకుండా, చెడిన అక్షరాన్ని తనే లెక్కగట్టి దిద్దుకుంటుంది. దిద్దుకోలేని చోట చుక్క పెడుతుంది. నా పరిశోధన మొత్తం ఈ మూడు వాక్యాలే. సిద్ధాంత గ్రంథంలో మాత్రం రెండు వందల పేజీలు వచ్చింది.

మా ప్రయోగశాల అధిపతి ఒక పెద్దసారు. ఎప్పుడూ బుగ్గన వక్క ఉండేది, నోట్లో కాదనే మాట ఉండేది కాదు. ఢిల్లీలో ఎవరినో ఒప్పించి, రెండేళ్ల గడువుకు ఆ యంత్రాలనూ, తీగనూ సంపాదించింది ఆయనే. గడువు చివర కమిటీ వచ్చి చూస్తుంది. పద్ధతి పనిచేస్తే ప్రయోగశాల నిలుస్తుంది, నాకు డాక్టరేట్ వస్తుంది. పనిచేయకపోతే రెండు కంప్యూటర్లూ లారీ ఎక్కి మద్రాసు పోతాయి, నేను మొదటి సంవత్సరం పిల్లలకు నల్లబల్ల మీద కీబోర్డు బొమ్మ గీసి చూపించుకుంటూ బతకాలి. అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. ఇంట్లో నాయన అప్పటికే, 'ఇంకా సదవతానే ఉండావా అబ్బా, నీ ఈడోళ్లు పిల్లోళ్లను సదివిస్తా ఉండారు' అనేవాడు.

తిరుపతిలో పరిశోధన చేయడంలో ఒక సుఖముంది. తనిఖీకి రమ్మంటే రానన్న కమిటీ ఈ భూమ్మీద పుట్టలేదు. మద్రాసు వాళ్ల దగ్గరికి రెండేళ్లకోసారి పోయే కమిటీలు మా దగ్గరికి సంవత్సరానికి రెండుసార్లు, కుటుంబంతో సహా వచ్చేవి. పొద్దున దర్శనం, మధ్యాహ్నం భోజనం, మిగిలిన సమయంలో సైన్సు. మా పెద్దసారు విజిటర్ల రిజిస్టరు కంటే దర్శనం సిఫార్సు ఉత్తరాల ఫైలును పదిలంగా చూసుకునేవాడు.

తీగకు చిత్తూరు చివరన ఉండడానికి మనిషి కావాలి. తంతి ఆఫీసు నుంచి డెప్యుటేషన్ మీద ఒక పెద్దాయనను పంపారు. పలమనేరు దగ్గర పల్లె ఆయనది. ముప్పై ఏళ్లకు పైగా టకటకలు విని టెలిగ్రాములు రాసిన చేయి. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉండింది. సన్నగా, తెల్లచొక్కాతో, క్యారియరులో సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి పెట్టుకుని తొమ్మిదిన్నరకు వచ్చి కూర్చునేవాడు. నాకంటే పాతికేళ్లు పెద్దవాడైనా నన్ను సార్ అనేవాడు. వారం రోజుల్లో కంప్యూటర్ నేర్చుకున్నాడు. మా పరిశోధక విద్యార్థులకు మూడు నెలలు పట్టింది, ఒకరిద్దరికి ఇప్పటికీ రాలేదు.

ఆయన పని చిన్నదే. రోజూ మేము పంపే సందేశాలు ఆయన కంప్యూటర్‌లో పడతాయి. వాటిని ఫ్లాపీలోకి ఎక్కించి శనివారం బస్సులో కండక్టరు చేతికి ఇచ్చి పంపాలి. మేము ఇక్కడ పంపినదాన్ని, అక్కడ అందినదాన్ని పక్కపక్కన పెట్టి తప్పులు లెక్కబెడతాం.

పరీక్షకు ఏం పంపాలి? పుస్తకాల్లో అర్థం లేని అక్షరాలు పంపమని ఉంది. గంటసేపు అర్థం లేని అక్షరాలు టైపు చేస్తే నాకు తల తిరిగింది. మా అమ్మ సామెతల పుట్ట. అవే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పెట్టుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల. ఇంట గెలిచి రచ్చ గెలువు. ఇలా మూడు వందలు. అవే తిప్పి తిప్పి పంపేవాణ్ణి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఫలితాలు చూస్తే ఆరు నెలల్లో ఒక్క తప్పు లేదు. ఒక్కటంటే ఒక్కటి. వానలో లేదు, ఎండలో లేదు. బుద్ధున్నవాడెవడైనా అప్పుడే అనుమానించేవాడు. నేను పరిశోధన పత్రం రాసి బెంగళూరులో సదస్సుకు పంపాను. పెద్దసారు నా భుజం తట్టి, 'మన పేర్లు యాడికో పోతాయి సూడు' అన్నాడు. ఎక్కడికి పోయాయో మీరే చదువుతున్నారు.

కమిటీ రావడానికి మూడు రోజుల ముందు సోమవారం పొద్దున ఒక తప్పు దొరికింది. ఆరు నెలల్లో మొదటిది. నాకు దిగులు వేయలేదు, పైగా సంతోషించాను. మరీ సున్నా అంటే నమ్మరు, ఒకటి ఉంటే అందంగా ఉంటుంది. ఏ అక్షరం చెడిందో చూద్దామని రెండు ఫైళ్లూ తెరిచాను. నేను పంపింది: పిల్లి తోక పట్టుకుని గోదావరి ఈదినట్టు. చిత్తూరులో అందింది: కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదినట్టు.

భోజనం వేళ ఆకలిలో కొత్త సామెతలు కొడుతూ కుక్కకు బదులు పిల్లి అని కొట్టింది నేనే. నా యంత్రం, చదువూ సంధ్యా లేని ఇనపపెట్టె, పిల్లిని పట్టుకుని కుక్కను చేసింది. దానికి సామెతలు ఎవరు నేర్పారు? ఆ ప్రశ్న వేసుకున్నాక ఫైళ్లు మూసి చిత్తూరు బస్సు వేళలు కనుక్కున్నాను.

మంగళవారం మొదటి బస్సుకే చిత్తూరు పోయాను. పెద్దాయన నన్ను చూసి కుర్చీ తుడిచి వేశాడు.

'ఏం సార్, సెప్పకుండా వస్తిరి? కాఫీ తెప్పించేదా?'

'కాఫీ తరవాత. నిన్న వచ్చిన సందేశాలు చూపించండి. ఫ్లాపీలోవి కాదు, కంప్యూటర్‌లో పడినవి.'

చూపించాడు. సామెతల నిండా చుక్కలు. చేటలో రాళ్లు ఏరకుండా వండిన అన్నంలా ఉంది. నా పద్ధతి సగం తప్పులు కూడా దిద్దలేదు. కొన్ని చోట్ల బాగున్న అక్షరాన్ని కూడా చెడగొట్టింది.

'ఇవి దిద్దిందెవరు?' అన్నాను.

'నేనే సార్.' ఆయన ముఖంలో తప్పు చేసిన ఛాయ లేదు. 'దినామూ సాయంత్రం కూసోని దిద్ది పంపిస్తా ఉండాను. ఇంట్లో మా ఆడమనిషి కూడా రొంత సాయం జేస్తాది. రాని సామెతలు ఆమెను అడిగి తెలుసుకుంటాను.'

'దిద్దమని మీకు ఎవరు చెప్పారండి?'

'ఎవురన్నా సెప్పల్నా సార్? చెడిపోయిన తంతిని అట్నే తీసకపోయి మనిషి చేతిలో పెడితే మా పనికి మర్యాద యాడుండాది? నాలుగక్షరాలు కనపడితే మిగిలినవి మేమే ఊహ జేసి పూరిస్తాము. మాకు మొదటి దినమే నేర్పించినారు.'

నేను తల పట్టుకున్నాను. కోపం కూడా వచ్చింది, దాచడమెందుకు. ఆ కోపంలో, మీరు దిద్దితే నా పద్ధతి పనిచేసినట్టు ఎలా తెలుస్తుంది, మేము పరీక్ష పెట్టింది మీకు కాదు యంత్రానికి, రెండేళ్ల పని మీరు బుగ్గిలో పోశారు అని గట్టిగానే అరిచాను. ఆయన తెర మీది చుక్కలను ఒకసారి చూసుకున్నాడు. తరవాత మెల్లిగా అడిగాడు.

'అంటే ఇన్ని దినాలూ నేను పరీక్షలో కాపీ అందిస్తా ఉన్నట్టా సార్?'

అంత సూటిగా నేను కూడా చెప్పి ఉండను. అవునన్నాను.

'అయ్యో నాయనా. నాకు తెలవకపాయె. పెద్దసారుతో సెప్పండి సార్, తప్పు నాదేనని. దాపెట్టద్దండి.'

తిరుగు బస్సులో పాకాల దాకా ఆయన్ను తిట్టుకున్నాను. పాకాల దాటాక, సామెతలు పంపిన గాడిదను నేనే కదా అని తట్టింది. అర్థం లేని అక్షరాలు పంపి ఉంటే ఆయన ఏం దిద్దగలిగేవాడు? తెలుగు దేశంలో పుట్టినవాడెవడికైనా 'ఆడలేక' అని కనిపిస్తే మద్దెల దానంతట అదే వస్తుంది. మూడు వందల సామెతలు పంపి, వాటిని చదవొద్దని నేను ఎవరికీ చెప్పలేదు.

పెద్దసారుకు అంతా చెప్పాను. ఆయన వక్క నమిలి నమిలి కిటికీలోంచి ఉమ్మి వచ్చాడు.

'కమిటీ బేస్తవారం వస్తాది, శుక్రవారం పోతాది. అంతవరకు గమ్మునుండబ్బా. ఆ ముసిలాయన్ని ఆ ఒక్క దినం ఎప్పట్లాగే దిద్దమను. వాళ్లు పోయినాక నీ పద్ధతి నువ్వు నిదానంగా బాగుచేసుకో.'

'తప్పు కదా సార్?'

'తప్పే. లారీ పిలిపించేదా మరి?'

లారీ అనగానే నా నీతి మొత్తం పోయి దాని వెనక నక్కింది. తీగకు ఒక స్విచ్ ఉండేది, ఇటు తిప్పితే కంప్యూటర్, అటు తిప్పితే ఫోన్. అటు తిప్పి పెద్దాయనకు సంగతి చెప్పాను.

'తెలిసే సెప్తా ఉండారా సార్?' అన్నాడు.

'తెలిసే.'

'సరే సార్. మీరు పెద్ద సదువులోళ్లు, దిద్దమంటే దిద్దతాను. ఎవురన్నా అడిగితే మాత్రం అబద్ధం సెప్పలేను.'

కమిటీ ముగ్గురూ గురువారం పదకొండు గంటలకు నున్నటి గుండ్లతో, వాటి మీద గంధంతో, చేతుల్లో లడ్డు సంచులతో ప్రయోగశాలలోకి వచ్చారు. మూడు గుండ్లు మా ట్యూబులైట్ల కింద నిలబడితే గదికి కొత్త వెలుగు వచ్చింది. అధ్యక్షుడు ఉత్తరాది మనిషి, మంచి ప్రొఫెసరు, తెలుగు ముక్క రాదు. మిగతా ఇద్దరూ అంతే. కాళ్లు నొప్పులు, క్యూలో నిలబడిన అలసట. త్వరగా చూపించమన్నారు.

నేను పది సామెతలు పంపాను. ఆ రోజు శనివారం బస్సు దాకా ఆగలేం గనక, అక్కడ అందినవి అదే తీగ మీద, చెడితే మళ్లీ పంపించుకునే పాత పద్ధతిలో తిరిగి రావాలి. ఐదు నిమిషాల్లో పదీ అద్దంలా తిరిగి వచ్చాయి. కమిటీలో ఒకాయన అప్పుడే బాగుంది అని కాగితం మీద రాసుకుంటున్నాడు. పెద్దసారు నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. భోజనాలు కూడా సిద్ధంగా ఉన్నాయి.

అధ్యక్షుడు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. 'నేనొక సందేశం పంపనా?' అన్నాడు. కాదనడానికి వీలెక్కడ? ఆయన తన మనవడి పేరు, మనవరాలి పేరు, వాళ్లు పుట్టిన తేదీలు, కొండ మీద తన గది నంబరు ముచ్చటగా కొట్టాడు. పంపాం.

చిత్తూరు నుంచి తిరిగి వచ్చినదాంట్లో మనవడికి సగం పేరే ఉంది. మనవరాలు ఏ నెలలో పుట్టిందో తెలియదు. గది నంబరు ఉండాల్సిన చోట మూడు చుక్కలు.

అధ్యక్షుడు నా ఆరు నెలల సున్నాల పట్టికను చేతిలోకి తీసుకున్నాడు, తెర వైపు చూశాడు, మళ్లీ పట్టిక చూశాడు. ఆ చివర ఉన్న మనిషిని ఫోన్‌లో అడగమన్నాడు. స్విచ్ తిప్పాను. రిసీవరు నా చెవి దగ్గర.

'ఏమైందండీ?' అన్నాను.

'సార్, దీంట్లో అంకెలుండాయి. అక్షరమైతే ఊహిస్తాను గానీ అంకెను ఊహించి ఇయ్యను సార్. మా పనిలో అది మహాపాపం. తేదీ తప్పు పడితే, మడిసి రైలు దిగేది ఒక పొద్దు, బండి కట్టుకోని పొయ్యేది ఒక పొద్దు. ఆ పేర్లు కూడా మనవి గాదు. అందుకే వచ్చింది వచ్చినట్టే పంపినాను.'

ఇంగ్లీషులో చెప్పాను. అధ్యక్షుడు నిదానంగా, 'అంటే ఇంతకు ముందు అక్షరాలు ఊహించేవాడా? అడగండి' అన్నాడు. అడిగాను.

'ఊహించినాను సార్, మొదటి దినం నుంచీ. మొన్న మంగళారం మీరొచ్చినప్పుడు మీకు సెప్పినాను గదా. ఈ పొద్దు దిద్దమని మీరే సెప్తిరి. అదంతా సెప్పేయండి సార్ వాళ్లకు. దాపెడితే బాగుండదు.'

మూడు గుండ్లూ నా వైపు తిరిగి ఉన్నాయి. తెలుగు వచ్చిన పెద్దసారుకు ఫోన్ వినపడదు. ఆయనేమన్నాడో ఆ గదిలో తెలిసింది ఒక్కడికే, ఫోన్ చెవి దగ్గరున్న నాకు.

'మొదటి నుంచీ తనే దిద్దానంటున్నాడు. మాకు చెప్పకుండా చేశాడట. మాకు ఈ క్షణం దాకా తెలియదు' అన్నాను.

సగం నిజం ఆయనది. మిగతా సగం నాది.

అధ్యక్షుడు పకపకా నవ్వాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. పెద్దసారు అందరికంటే గట్టిగా నవ్వాడు. పాపం పరిశోధకుణ్ణి ఒక ముసలి తంతి గుమాస్తా మోసం చేశాడే అని నన్ను ఓదార్చారు కూడా. ఇంకో ఏడాది గడువిచ్చారు, ఈసారి అర్థం లేని అక్షరాలతో పరీక్షించమన్నారు, భోజనానికి లేచారు. ఆ రోజు పాయసం బాగుందని అందరూ అన్నారు. నేను దొంగకు తేలు కుట్టినట్టు మూల కూర్చుని తిన్నాను, నిజానికి రెండుసార్లు వేయించుకున్నాను.

ఆ ఏడాదిలో నా పద్ధతిని విప్పి మళ్లీ కట్టాను. యంత్రానికి అంకెలు, అక్షరాలు వేరువేరుగా చూడడం నేర్పాను. అంకె దగ్గర అనుమానమొస్తే ఊహించకుండా మళ్లీ అడగమని చెప్పాను. అంటే పెద్దాయన నియమమే. దానికి డాక్టరేట్ వచ్చింది, దాని మీద ఉద్యోగాలు వచ్చాయి, శాలువాలు వచ్చాయి. గ్రంథంలో కృతజ్ఞతల పేజీలో పెద్దసారు ఉన్నాడు, మా అమ్మ ఉంది. పెద్దాయన లేడు.

ఆయన్ను మాత్రం వెనక్కి పంపేశారు. కమిటీ రికార్డు కోసం ఆయన ఆఫీసుకు ఒక ఉత్తరం పోవాలన్నాడు పెద్దసారు. 'అధికారులకు తెలియకుండా సందేశాలను మార్చినాడు' అని అందులో వాక్యం. పెద్దసారు చెప్పాడు, టైపు చేసింది నేనే. ఒక్క అక్షరదోషం లేకుండా చేశాను. ఆ వాక్యం ఆయన సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది. ముప్పై ఏళ్లకు పైగా ఒక్క ఫిర్యాదు లేని పుస్తకం అది. దాంట్లో ఆఖరి పేజీ ఇది.

రిటైర్మెంటు సభకు కార్డు పంపాడు. పోకూడదనుకున్నాను, పోకపోతే ఏమనుకుంటాడోనని పోయాను. చిన్న గది, ముప్పై మంది, చామంతి దండలు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి భార్యకు చూపించాడు. 'ఈయనే మన కంప్యూటర్ సారు. నువ్వు సెప్పిన సామెతలన్నీ ఈయనకే పొయ్యేది' అన్నాడు. ఆవిడ కొంగు సర్దుకుని నాకు దండం పెట్టింది. ఎక్కడ చూడాలో తెలియక మైకు వైపు చూశాను.

అందరూ పలహారాల దగ్గరికి పోయాక ఆయన నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

'సార్, ఒక మాట. ఆ ఉత్తరంలో అధికారులకు తెలియకుండా అని ఉండాది. నేను శానా దినాలు ఆలోచన జేసినాను. మీరట్లాంటోళ్లు గాదే అని.' చేతిలోని ప్లేటు ఒళ్లో పెట్టుకున్నాడు. 'ఆ పొద్దు లైను బాగాలేదు గదా. అక్షరాలన్నీ చెడిపోతా ఉన్నాయి. నా మాట కూడా మీకు సగం సగం ఇనపడి ఉంటాది. అంతేనా సార్?'

చెప్పడానికి నాకు అంతకంటే మంచి సమయం, మంచి మనిషి ఇక దొరకరు. ఆ సంగతి అప్పుడే తెలుసు.

'అవునండి' అన్నాను. 'గరగరమంది. సరిగ్గా వినపడలేదు.'

'నేనూ అదే అనుకున్నాను సార్' అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, ప్లేటులోంచి ఒక మైసూరుపాకు తీసి నా చేతిలో పెట్టాడు. కూతురు పిలిస్తే లేచి వెళ్లాడు. ఆ తరవాత మూడేళ్లకు పోయాడని ఎవరో చెప్పారు.

కమిటీ వచ్చిన రోజు తీగ అక్షరాలనే మింగింది, ఆయన మాట నాకు మొదటి నుంచి చివరిదాకా వినపడింది.